నీడ అంచు మసకగా ఎందుకుంటుంది? అద్దం మనల్ని తలకిందులుగా ఎందుకు చూపదు?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఏడో తరగతి చదివే మీ పాపకి కాంతి పాఠం చెబుతూ మూడు చోట్ల ఆగిపోయారు. ఒకే వస్తువు నీడ ఒకసారి కత్తిరించినట్టు, ఇంకోసారి మసకమసకగా ఎందుకు పడుతుంది? అద్దం కుడిని ఎడమగా చూపిస్తుంది కదా, మరి తలని కిందికీ కాళ్లని పైకీ ఎందుకు మార్చదు? గోడ కూడా కాంతిని పరావర్తనం చేస్తుందని పుస్తకంలో ఉంది, అయితే గోడలో మొహం ఎందుకు కనపడదు? చివర్లో "నాకే సరిగ్గా తెలియదని దానికి తెలిసిపోయింది" అని కూడా రాశారు. దానికేం టెన్షన్ పడకండి. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. మీ రెండో ప్రశ్నకి మొదటి పదేళ్లూ నేను తప్పు జవాబే చెప్పాను.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను, వివరాలు తర్వాత.

నీడ: దీపానికి కూడా ఎంతో కొంత సైజు ఉంటుంది. నీడ అంచు దగ్గర దీపంలో కొంత భాగం మరుగున పడి, కొంత భాగం కనిపిస్తూనే ఉంటుంది. ఆ సగం వెలుగే మనకి మసకగా కనిపిస్తుంది.

అద్దం: అది కుడిఎడమల్ని మార్చదు, పైనకిందల్నీ మార్చదు. ముందు వెనకల్ని మారుస్తుంది. కుడిఎడమలు మారాయని అనుకునేది మనమే.

గోడ: గోడ చాలా కాంతినే వెనక్కి పంపుతుంది. కాకపోతే ఒక్కో చుక్కలో పడ్డ కాంతిని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. మొహంలోని ఏ భాగం నుంచి ఏ కాంతి వచ్చిందన్న లెక్క అక్కడ కలిసిపోతుంది.

ఈ మూడూ పిల్లలకి వేరు వేరు పాఠాల్లా అనిపించడానికి కారణం, నా అనుభవంలో, వాళ్లు గీసే బొమ్మలే. కాంతి బొమ్మ గీయమంటే దీపం గీస్తారు, వస్తువు గీస్తారు, బాణం గుర్తులు పెడతారు. కన్ను గీయరు. గీసినా బాణాన్ని కంటి నుంచి వస్తువు వైపు వేస్తారు. ఇది చిన్నపిల్లల తప్పే అనుకోకండి. ప్రాచీన గ్రీకు పండితులు యూక్లిడ్, టాలెమీ అంతటివాళ్లు కూడా చూపు అనేది కంటి నుంచే బయల్దేరుతుందనుకున్నారు. కాంతి వస్తువు నుంచి కంటికి వస్తుంది, అందుకే చూడగలుగుతున్నాం అని గట్టిగా వాదించి ప్రయోగాలతో చూపించింది సుమారు వెయ్యేళ్ల కిందట అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్. అందుకని మా క్లాసులో ఒకటే రూలు: కన్ను లేని బొమ్మకి మార్కులు లేవు. మీ పాపతో కూడా అక్కణ్ణించే మొదలుపెట్టండి.

ఇక నీడ సంగతి. నీడ గురించి చెప్పేటప్పుడు నేను ఒక చీమని తెచ్చుకుంటాను. నీడ పడ్డ చోట నేల మీద ఒక చీమ ఉందనుకోండి. అది తలెత్తి దీపం వైపు చూస్తే ఏం కనిపిస్తుంది? దీపం మొత్తం కనిపిస్తే చీమ వెలుగులో ఉన్నట్టు. అసలేమీ కనిపించకపోతే చిక్కటి నీడలో, అంటే పుస్తకం భాషలో ప్రచ్ఛాయలో ఉన్నట్టు. అడ్డంగా ఉన్న వస్తువు పక్కనుంచి దీపం ముక్క తొంగిచూస్తుంటే ఉపచ్ఛాయలో, మన మసక అంచులో ఉన్నట్టు. నిర్వచనాలు బట్టీ పట్టించక్కర్లేదు, చీమకి ఏం కనపడుతోందో చెప్పమనండి చాలు.

ఇది చేతితో చేసి చూడాలి. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్ ముందు ఒక పెన్సిల్ పట్టుకోండి. గోడ మీద నీడ గీత గీసినట్టు పడుతుంది, ఎందుకంటే ఆ లైటు చాలా చిన్నది. ఇప్పుడు టార్చ్‌కి ఒక జానెడు ముందు తెల్ల కాగితం అడ్డం పెట్టండి. కాగితమంతా వెలుగుతుంది, అంటే ఇప్పుడు మీ దీపం అంత పెద్దదయింది. అదే పెన్సిల్, అదే గోడ, నీడ మాత్రం కరిగిపోతుంది. మళ్లీ పెన్సిల్‌ని గోడకి ఆనేంత దగ్గరకి తీసుకెళ్తే నీడ చిక్కబడుతుంది. గోడ మీది చీమకి పెన్సిల్ ఇప్పుడు మొహానికి అడ్డంగా పెట్టిన దూలం లాంటిది, ఎంత పెద్ద దీపమైనా దాని వెనక దాక్కుంటుంది.

ఇంట్లో పొడుగాటి ట్యూబ్‌లైట్ ఉంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. ట్యూబ్‌లైట్ కింద బల్ల మీద తెల్ల కాగితం పెట్టి, దానికి ఒక జానెడు ఎత్తులో పెన్సిల్‌ని ట్యూబ్‌కి సమాంతరంగా పట్టుకోండి. నీడ పడుతుంది. పెన్సిల్‌ని అక్కడే ఉంచి, గడియారం ముల్లులా పావు చుట్టు తిప్పండి. నీడ దాదాపు మాయమవుతుంది! ట్యూబ్ పొడవు నాలుగడుగులు, లావు రెండు వేళ్లంత. ట్యూబ్‌కి సమాంతరంగా ఉన్నప్పుడు పెన్సిల్ దాని లావుని కప్పగలదు. అడ్డంగా తిప్పితే నాలుగడుగుల పొడవులో చిన్న ముక్కని మాత్రమే కప్పుతుంది, మిగతాదంతా చీమకి కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలు దీన్ని ఒకసారి చూస్తే దీపం సైజు సంగతి ఇక మర్చిపోరు.

ఎండలో పడే నీడకి లెక్క కూడా చెప్పొచ్చు. సూర్యుడి వ్యాసం సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు, మనకి దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. దూరాన్ని వ్యాసంతో భాగిస్తే 107 పైచిలుకు వస్తుంది. ఈ 107 అన్న అంకెని గుర్తుపెట్టుకోండి, దీనితో చాలా పనులు అవుతాయి. వస్తువుకీ నీడకీ మధ్య ఉన్న దూరాన్ని 107తో భాగిస్తే మసక అంచు వెడల్పు వస్తుంది. ఒక మీటరు దూరంలో చెయ్యి పెడితే అంచు దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. ఎండలో నిలబడి మీ నీడ మీరే చూసుకోండి. పాదాల దగ్గర గీత గీసినట్టుంటుంది, తల దగ్గరకొచ్చేసరికి జుట్టు ఎక్కడ ఆగిందో చెప్పలేం. సాయంత్రం నీడ సాగినకొద్దీ తల ఇంకా మసకేస్తుంది.

అదే 107ని ఇంకోలా కూడా వాడొచ్చు. వస్తువు వెడల్పుని 107తో గుణిస్తే, దాని చిక్కటి నీడ ఎంత దూరం దాకా ఉంటుందో తెలుస్తుంది. 7 మిల్లీమీటర్ల పెన్సిల్‌కి అది 75 సెంటీమీటర్లు. అంతకన్నా ఎత్తులో పట్టుకుంటే కింద చీమకి పెన్సిల్‌కి రెండు వైపులా సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు, కాబట్టి నల్లటి నీడ పడదు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న పక్షి రెక్క నీడ 32 మీటర్ల దాకా వస్తుంది. విమానం నడుము 4 మీటర్లనుకుంటే సుమారు 430 మీటర్లు. పది కిలోమీటర్ల ఎత్తులో పోయే విమానం నీడ మన మీద ఎందుకు పడదని ఒక అబ్బాయి అడిగినప్పుడు నేను బోర్డు మీద ఈ ఒక్క గుణకారం చేసి ఊరుకున్నాను.

ఇప్పుడు పెన్సిల్ బదులు చంద్రుణ్ణి పెట్టండి. వ్యాసం 3,474 కిలోమీటర్లు. 107తో గుణిస్తే సుమారు 3 లక్షల 72 వేల కిలోమీటర్లు. చంద్రుడి సగటు దూరం 3 లక్షల 84 వేలు. చూశారా, నీడ మొన భూమిని తాకీ తాకనట్టు ఆగిపోతోంది. చంద్రుడు తన కక్ష్యలో కాస్త దగ్గరగా ఉన్నప్పుడు ఆ మొన భూమిని తాకుతుంది, అక్కడున్నవాళ్లకి సంపూర్ణ సూర్యగ్రహణం. దూరంగా ఉన్నప్పుడు తాకదు, సూర్యుడు చుట్టూ ఉంగరంలా మిగిలిపోతాడు, అది వలయాకార గ్రహణం. మసక నీడలో ఉన్నవాళ్లకి పాక్షిక గ్రహణం. అంటే గ్రహణం రోజున చీమలం మనమే. గ్రహణాలంటే నీడలేనని, సూర్యగ్రహణానికి చంద్రుడి నీడ, చంద్రగ్రహణానికి భూమి నీడ కారణమని ఆర్యభటుడు 499 నాటికే రాశాడు. పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

చెట్ల కింద నేల మీద గుండ్రటి వెలుగు మచ్చలు పడతాయి కదా, అవీ ఈ కోవలోవే. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు, అడ్డదిడ్డంగా ఉంటాయి. అయినా మచ్చలు గుండ్రంగా వస్తాయి, ఎందుకంటే అవి సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. ప్రతి సందూ ఒక సూదిబెజ్జం కెమెరా, అంటే చిన్న బెజ్జంలోంచి వచ్చిన కాంతితో అవతల బొమ్మ పడేలా చేసేది. పది మీటర్ల ఎత్తున్న సందు నుంచి పడే బొమ్మ సుమారు 9 సెంటీమీటర్లుంటుంది, మళ్లీ అదే 107. పాక్షిక గ్రహణం సమయంలో ఆ మచ్చలన్నీ నెలవంకలైపోతాయి. అది చూడటానికి సూర్యుడి వైపు తిరగాల్సిన పని కూడా లేదు. తిరగనివ్వకండి కూడా. గ్రహణం ఉన్నా లేకపోయినా, పిల్లలు సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, బైనాక్యులర్‌తో అసలే చూడకూడదు. అట్టకి చిన్న బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, బెజ్జంలోంచి నేల మీద పడే బొమ్మని చూడమనండి.

నీడ నల్లగా ఉంటుందన్న అపోహ కూడా ఒకటుంది. ఎండలో తెల్ల కాగితం మీద పడ్డ నీడని శ్రద్ధగా చూస్తే కాస్త నీలంగా కనిపిస్తుంది. అక్కడికి సూర్యుడి కాంతి రాదు కానీ నీలాకాశం కాంతి వస్తుంది. నీడలో కూడా పుస్తకం చదువుకోగలుగుతున్నాం అంటే అక్కడికి ఏదో ఒక కాంతి ఇంకో దారిలో చేరుతున్నట్టే.

ఇక అద్దం. మీ పాప అడిగిన ప్రశ్న పెద్దవాళ్లని కూడా బోల్తా కొట్టించేదే. నేను మొదట్లో "మన కళ్లు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి" అని చెప్పేవాణ్ణి. ఒక అమ్మాయి ఒక కన్ను మూసుకుని అద్దంలో చూసి, "సార్, ఇప్పుడూ అలాగే ఉంది" అంది. ఆ రోజు క్లాసులో నా దగ్గర మాట లేదు.

అద్దం ముందు నిలబడి వేలితో పైకి చూపించండి. అద్దంలోని మనిషి కూడా పైకే చూపిస్తాడు. అద్దం ఉత్తరం గోడకి ఉందనుకుని, పక్కకి తూర్పు వైపు చూపించండి. అతనూ తూర్పుకే చూపిస్తాడు. ఇప్పుడు సూటిగా అద్దం వైపు చూపించండి. అతను మీ వైపు, అంటే మీకు సరిగ్గా ఎదురు దిక్కులో చూపిస్తాడు. మారింది ఇదొక్కటే. అద్దం తన తలానికి లంబంగా ఉన్న దిక్కుని మాత్రమే తిరగేస్తుంది. మరి కుడిఎడమల గొడవ ఎక్కడిది? అద్దంలోని మనిషిని చూసి మనం మనసులో "నేను చుట్టూ తిరిగి అక్కడికి వెళ్లి నిలబడితే" అని ఊహించుకుంటాం. అలా తిరిగి నిలబడితే గడియారం పెట్టుకున్న ఎడమ చెయ్యి అవతలి వైపుకి వెళ్లాలి. అద్దంలో వెళ్లలేదు కాబట్టి కుడిఎడమలు మారాయంటాం. తిరగడం మన ఊహలోది, అద్దం ఎవర్నీ తిప్పలేదు.

నమ్మకం కుదరకపోతే ప్లాస్టిక్ షీట్ లాంటి పారదర్శకమైన దాని మీద ఒక మాట రాయండి. మీకు సరిగ్గా కనిపించేలా పట్టుకుని అద్దం ముందు నిలబడండి. అద్దంలో కూడా అది సరిగ్గానే చదవొచ్చు! మామూలు కాగితమైతే అద్దానికి చూపించడానికి దాన్ని తిప్పాలి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పితే అక్షరాలు కుడిఎడమలు మారి కనిపిస్తాయి. క్యాలెండర్ కాగితం ఎత్తినట్టు కింది నుంచి పైకి తిప్పితే అక్షరాలు తలకిందులై కనిపిస్తాయి, కుడిఎడమలు మారవు. కాబట్టి మార్చిందెవరు? కాగితం తిప్పిన చెయ్యి. ఈ ప్రయోగం చేశాక మా క్లాసులో సగం మంది నవ్వుతారు, సగం మంది మళ్లీ మళ్లీ చేస్తారు. మళ్లీ చేసేవాళ్ల మీదే నాకు ఆశ ఎక్కువ.

"అద్దం తలకిందులు ఎందుకు చేయదు" అంటే, చేస్తుంది, అద్దాన్ని నేల మీద పరిస్తే. నిలకడగా ఉన్న చెరువు అలాంటి అద్దమే. దాని లంబం పైకి ఉంటుంది కాబట్టి అది పైనకిందల్ని తిరగేస్తుంది, ఒడ్డున చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ బొమ్మలు గీసే పిల్లలకి ఒక మాట: నీటిలో వంతెన ప్రతిబింబం గీసేటప్పుడు పైనున్న బొమ్మనే తిరగేసి గీయకండి. నీటిలోంచి మీ కంటికి వచ్చే కాంతి వంతెన అడుగు భాగాన్ని తాకి వచ్చింది. ప్రతిబింబంలో వంతెన కింది వైపు కనిపిస్తుంది, నేరుగా చూస్తే అది కనపడదు.

పరీక్షలో "పార్శ్వ విలోమం అంటే ఏమిటి" అని వస్తే పుస్తకంలో ఉన్నట్టే, కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపించడం అని రాయమనండి. ఆ పేరు తప్పేం కాదు, చూసేవాళ్లకి అలా అనిపిస్తుంది కాబట్టి పెట్టిన పేరు. కారణం అడిగితే మాత్రం పైన చెప్పింది రాయాలి.

అద్దం గురించి నేను చేసిన ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒక ఏడాది సైన్స్ ఫెయిర్‌లో చిన్న అద్దం పెట్టి, "వెనక్కి వెళ్తే నిలువెల్లా కనిపిస్తారు" అని నేనే పిల్లలతో చెప్పించాను. చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన వెనక్కి నడుచుకుంటూ గది అవతలి గోడకి ఆనుకున్నాడు. నడుము కింద కనపడనే లేదు. నిటారుగా ఉన్న అద్దంలో మీరు ఎంత కనిపిస్తారన్నది దూరంతో మారదు. నిలువెల్లా కనపడాలంటే మీ ఎత్తులో సగం పొడవున్న అద్దం కావాలి, సరైన ఎత్తులో తగిలించాలి. ఎత్తు 150 సెంటీమీటర్లు, కళ్లు 140 దగ్గర ఉన్నాయనుకోండి. నడినెత్తి నుంచి వచ్చే కాంతి 145 దగ్గర, పాదాల నుంచి వచ్చేది 70 దగ్గర అద్దాన్ని తాకి కంటికి చేరుతుంది. కాంతి అద్దం మీద పడే కోణం (పతన కోణం), తిరిగి వెళ్లే కోణం (పరావర్తన కోణం) సమానం కాబట్టి తాకే చోటు ఎప్పుడూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. 145లోంచి 70 తీసేస్తే 75. వెనక్కి వెళ్లినా ఈ అంకెల్లో ఏదీ మారదు. అద్దం ముందుకో వెనక్కో వాలి ఉంటే మాత్రం ఈ లెక్క చెదిరిపోతుంది.

దీనికే ఇంకో తమాషా రూపం ఉంది. స్నానాల గదిలో అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు ఒక కన్ను మూసుకుని, మీ మొహం అంచుల వెంట వేలితో గీయండి. గీత సైజు కొలవండి, మీ మొహంలో సగమే ఉంటుంది. దూరం జరిగి చూడండి, మొహం ఇంకా ఆ గీతలోనే సరిపోతుంది. చాలామంది పెద్దలు కూడా దీన్ని చేసి చూసేదాకా నమ్మరు.

రెండు అద్దాలు దొరికితే వాటిని పుస్తకం తెరిచినట్టు లంబకోణంలో నిలబెట్టి, సరిగ్గా అతుకు వైపు చూడమనండి. కుడి కన్ను కొడితే అందులోని మొహం మామూలు అద్దంలోలా కాకుండా అటు పక్క కన్ను కొడుతుంది. ఇతరులు మనల్ని చూసే తీరు అదే. ఇలాగే మూడు అద్దాలు గది మూలలా కలిపితే, ఎటు నుంచి వచ్చిన కాంతినైనా వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది. సైకిల్ వెనక ఎర్ర రిఫ్లెక్టర్‌లో ఇలాంటి చిన్న చిన్న మూలలుంటాయి. 1969లో అపోలో 11 వెళ్లినప్పుడు ఇలాంటివి వంద ఉన్న పలకని చంద్రుడి మీద పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజర్ వెలుగు పంపితే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది. ఆ సమయాన్ని కొలవడం ద్వారానే, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడని లెక్కగట్టారు.

మూడోది గోడ. దీనికి నేను పిల్లలతో పందెం కాస్తాను. చీకటి గదిలో గోడకి ఒక తెల్ల కాగితం, దాని మధ్యలో చిన్న అద్దం అతికిస్తాను. పక్క నుంచి టార్చ్ వేస్తాను. అద్దం ఎక్కువ మెరుస్తుందా, కాగితం ఎక్కువ మెరుస్తుందా? అందరూ అద్దమే అంటారు. వేసి చూస్తే కాగితం తెల్లగా వెలిగిపోతుంది, అద్దం ఉన్న చోట నల్లటి కన్నం ఉన్నట్టు కనిపిస్తుంది. అద్దం తన మీద పడ్డ కాంతినంతా ఒకే దిక్కున, ఎదురు గోడ మీదకి పంపేసింది. ఆ దారిలో ఎవరి కన్నూ లేదు. కాగితం అన్ని వైపులకీ పంచింది, అందుకే గదిలో ఏ మూల కూర్చున్నవాళ్లకైనా కొంత అందింది. కాంతి ఎక్కువ తక్కువల విషయంలో కాగితం అద్దానికి పెద్దగా తీసిపోదు, మంచి తెల్ల కాగితం పడ్డ కాంతిలో నూటికి 80 పాళ్లకి పైనే వెనక్కి పంపుతుంది.

మరి గోడ దగ్గర పరావర్తన నియమం, అంటే ఆ రెండు కోణాలూ సమానమన్నది, పనిచేయదా? పనిచేస్తుంది. కంటికి నునుపుగా కనిపించే గోడ కాంతి లెక్కలో కొండలూ లోయలూ. కాంతి తరంగదైర్ఘ్యం, అంటే ఒక్కో అల పొడవు, మిల్లీమీటరులో రెండు వేలవ వంతు ఉంటుంది, గరుకు అంతకన్నా బాగా తక్కువైతేనే ఉపరితలం అద్దంలా పనిచేస్తుంది. గోడ మీద ఒక్కో గరుకు ముక్క ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది, ఎక్కడికక్కడ నియమం పాటిస్తూనే కాంతి ఎటుపడితే అటు పోతుంది. మీ ముక్కు నుంచి వచ్చిందీ, చెవి నుంచి వచ్చిందీ గోడ మీద ఒకే చుక్కలో కలిసి, అక్కణ్ణించి అన్ని వైపులకీ బయల్దేరతాయి. మీ కన్ను వాటిని విడదీయలేదు. అల్యూమినియం ఫాయిల్‌ని నలపకుండా ఒకసారి, ఉండచుట్టి విప్పి ఒకసారి చూపించండి. అదే లోహం, అంతే మెరుపు, కానీ నలిగాక మొహం కనపడదు.

ఇక్కడే చిన్న మెలిక. నున్నటి అట్ట ఉన్న నోట్‌బుక్‌ని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని, దాని అంచు వెంట కిటికీ వైపు చూడండి. మామూలుగా ఏమీ కనపడని అట్టలో కిటికీ మసగ్గా ప్రతిబింబిస్తుంది. బాగా ఏటవాలుగా వచ్చే కాంతికి అదే గరుకు తక్కువగా అనిపిస్తుంది. అంటే వస్తువుల్ని అద్దాలు, అద్దాలు కానివి అని గీత గీసి విడదీయలేం.

కిటికీ గాజు ఇంకో ఉదాహరణ. అది ఎప్పుడూ పడ్డ కాంతిలో నూటికి సుమారు 8 పాళ్లు వెనక్కి పంపుతూనే ఉంటుంది, రెండు ఉపరితలాలూ కలిపి. పగలు బయటి నుంచి వచ్చే వెలుగులో ఆ 8 మునిగిపోతుంది. రాత్రి బయట చీకటి, లోపల లైటు. అదే గాజు అద్దమైపోతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పి ఆపుతాను. ఇప్పటిదాకా చెప్పిందంతా కాంతి సరళరేఖలో పోతుందన్న లెక్క మీద నడిచింది. ఏడో తరగతికి అది చాలు. నిజానికి కాంతి అంచుల దగ్గర కాస్త వంగుతుంది, దాన్ని వివర్తనం అంటారు. 1818లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్రెనెల్ కాంతి తరంగమని వాదిస్తే, అదే నిజమైతే గుండ్రటి బిళ్ల నీడ నట్టనడుమ వెలుగు చుక్క కనపడాలి, ఇదెక్కడి విడ్డూరం అని గణితవేత్త పాయిసన్ ఆక్షేపించాడు. అరాగో అనే ఇంకో శాస్త్రవేత్త ప్రయోగం చేసి చూస్తే చుక్క ఉంది! మీ పాప పై క్లాసుకెళ్లాక "నీడ మధ్యలో వెలుగెందుకు" అని అడిగితే అప్పుడు మళ్లీ రాయండి.

ప్రయోగాలన్నీ ఒకే రోజు పెట్టుకోకండి. మొదటి రోజు టార్చ్, పెన్సిల్, ట్యూబ్‌లైట్. రెండో రోజు ఎండలో 107 లెక్క, ఒక టేపుతో కొలిచి. అద్దం దానికి ఒక రోజంతా కేటాయించండి, పారదర్శక షీట్ దగ్గర ఆలస్యమవుతుంది. ప్రతిసారీ ముందు ఏం జరుగుతుందో పాపతో కాగితం మీద రాయించి, తర్వాత చేయండి. మీరు కూడా మీ అంచనా పక్కన రాయండి, తప్పయినా సరే.